పంపు వేరు, పంపు కూర్చున్న చోటు వేరు: ఒక మెయింటెనెన్స్ ఆంటాలజీ కేస్ స్టడీ

"ఏ పంపు ఎక్కువసార్లు పాడవుతోంది?" అని అడిగితే ఆ ప్లాంటులో మూడు సమాధానాలు వచ్చేవి. వర్క్ ఆర్డర్ల సిస్టమ్ పి-101ఎ అని ఒక ట్యాగ్ నంబర్ చెప్పేది. వర్క్‌షాప్ రికార్డు ఒక సీరియల్ నంబర్ చూపించేది, తీరా చూస్తే ఆ నంబరున్న పంపు సగం కాలం పి-101ఎ దగ్గర లేనే లేదు. స్టోర్స్ లెక్క మాత్రం ఫలానా మోడల్‌కి మెకానికల్ సీళ్లు (షాఫ్ట్ దగ్గర లీకు ఆపే భాగాలు) తెగ ఖర్చవుతున్నాయని చెప్పి ఊరుకునేది. అవి ఏ పంపులోకి వెళ్లాయో దానికి తెలియదు. ఈ మూడింటిలో ఏదీ అబద్ధం కాదు. మూడూ మూడు వేర్వేరు వస్తువుల గురించి చెబుతున్నాయి. చిక్కల్లా, మూడు డేటాబేసుల్లోనూ ఆ కాలమ్ పేరు 'పంపు' అనే ఉంది.

మమ్మల్ని పిలిచింది డాష్‌బోర్డు కోసం. మూడు సిస్టమ్‌లనీ కలిపి ఒక తెరమీద చూపిస్తే చాలన్నారు. కలపడానికి అప్పటికే ఒక ఎక్సెల్ షీటు ఉంది: ఎడమవైపు ట్యాగ్ నంబర్, కుడివైపు సీరియల్ నంబర్. పంపు మార్చినప్పుడల్లా ఎవరో కుడివైపు గడి సరిచేసేవారు. ఆ క్షణంలో పాత సంగతి చెరిగిపోయేది. రెండేళ్ల కిందటి వర్క్ ఆర్డర్‌ని ఈ షీటుతో కలిపితే, అప్పట్లో ఇంకా కొననైనా కొనని యంత్రం ఖాతాలో ఆ రిపేరు పడేది. ఇలాంటి డేటా మీద ఎంత అందమైన డాష్‌బోర్డు కట్టినా అది తప్పుని రంగుల్లో చూపిస్తుంది, అంతే. అందుకే ముందు ఆంటాలజీ, తర్వాతే తెరలు అని ఒప్పించాం.

ఆంటాలజీ అంటే ఏమిటని మేనేజర్లు అడుగుతారు. 1993లో టామ్ గ్రూబర్ ఇచ్చిన నిర్వచనాన్ని నేను ఇలా విప్పి చెబుతుంటాను: మన రంగంలో ఏయే వస్తువులు ఉన్నాయని మనం అనుకుంటున్నామో, వాటి మధ్య ఏ సంబంధాలు కుదురుతాయో, ఏవి కుదరవో, దాన్ని మనుషులూ కంప్యూటరూ ఇద్దరూ చదవగలిగేలా రాసిపెట్టడం. డేటాబేస్ స్కీమా కూడా ఇంచుమించు అదే కదా అంటారు. స్కీమా డేటాని ఎలా దాచాలో చెబుతుంది. ఆంటాలజీలో రాసిన వాక్యాలకి తర్కపరమైన అర్థం ఉంటుంది కాబట్టి, రీజనర్ అనే ప్రోగ్రామ్ వాటి నుంచి మనం రాయని సంగతులు కూడా రాబట్టగలదు, పొంతన కుదరకపోతే పట్టుకోగలదు. ఈ పట్టుకోవడమే మాకు ఎక్కువ పనికొచ్చింది.

పని మొదట్లో ప్రొటేజే (ఆంటాలజీలు రాసే సాఫ్ట్‌వేర్) తెరిచి క్లాసులు, అంటే వస్తువుల రకాలు, గీయడం మొదలుపెట్టలేదు. ఆంటాలజీ ఏ ప్రశ్నలకి జవాబివ్వాలో ముందు రాసుకోవాలన్న పద్ధతిని గ్రూనింగర్, ఫాక్స్ 1995లో ప్రతిపాదించారు. దాన్నే పాటించాం. షిఫ్ట్ ఇంజనీర్లతో, ఫిట్టర్లతో, స్టోర్స్ వాళ్లతో కూర్చుంటే బోలెడు ప్రశ్నలు వచ్చాయి. నిలిచినవి కొన్నే. ఈ రోజు పి-101ఎలో ఉన్న యంత్రం ఇంతకుముందు ఎక్కడెక్కడ పనిచేసింది? ఒక లోపం చోటుని పట్టుకుని ఉందా, యంత్రంతోపాటు తిరుగుతోందా? ఫలానా సీల్ స్టాకు అయిపోతే ఏయే చోట్లు ఇరుకున పడతాయి? "వచ్చే నెల ఏది పాడవుతుంది?" అన్న ప్రశ్నని పక్కనపెట్టాం. అది గణాంకాల పని. ఆంటాలజీ దానికి శుభ్రమైన డేటా ఇవ్వగలదు, జోస్యం చెప్పలేదు. ఈ సంగతి మొదటి సమావేశంలోనే చెప్పకపోతే తర్వాత గొడవలవుతాయి.

అసలు కీలకం రెండో ప్రశ్నలో ఉంది. దానికి జవాబు కావాలంటే 'అదే పంపు' అని ఎప్పుడు అనొచ్చో తేల్చాలి.

ఈ విషయం మీద ఒక ఫిట్టర్ అన్న మాట మాకు బాగా ఉపయోగపడింది. "పంపు మార్చాం సార్, పి-101ఎని మార్చలేదు కదా!" పి-101ఎ అనేది ప్లాంటు డ్రాయింగులో ఉన్న ఒక స్థానం. అక్కడ ఇంత ప్రవాహం, ఇంత హెడ్ (ద్రవాన్ని ఎత్తాల్సిన ఎత్తు) కావాలని డిజైన్ చెబుతుంది. యంత్రం కొనకముందే ఆ స్థానం ఉంది, యంత్రాన్ని ఊడదీసి వర్క్‌షాప్‌కి పంపినా ఉంటుంది. యంత్రానికేమో నేమ్‌ప్లేటు, సీరియల్ నంబర్, ఇంపెల్లర్ వ్యాసం ఉంటాయి. అది ఏ స్థానంలోనూ లేకుండా స్టోర్స్‌లో ఏడాదిపాటు పడి ఉండొచ్చు. మోడల్ మూడోది. తయారీదారు కేటలాగులో ఉండేది అది. దాన్ని ముట్టుకోలేం, దానికి బేరింగ్ పోదు. ప్రాసెస్ ప్లాంట్ల డేటా కోసం తయారైన ఐఎస్ఓ 15926 ప్రమాణం కూడా చేయాల్సిన పనిని బట్టి ఉండే వస్తువుని, ఇనుముతో చేసిన అసలు వస్తువుని వేరుగానే చూస్తుంది. మేం స్థానం, యంత్రం, మోడల్ అని మూడు క్లాసులు పెట్టి, ఈ మూడింటిలో ఏ రెండింటికీ ఉమ్మడి సభ్యులు ఉండరని ఒక వాక్యం చేర్చాం.

ఆ ఒక్క వాక్యంతో రీజనర్ అరవడం మొదలుపెట్టింది. పాత డేటాని యథాతథంగా ఎక్కిస్తే, ఒకే వస్తువుకి సీరియల్ నంబరూ ఉంది, డిజైన్ ప్రవాహమూ ఉంది. సీరియల్ నంబర్ ఉంటే యంత్రం, డిజైన్ ప్రవాహం ఉంటే స్థానం, రెండూ ఒకటి కాలేవు, కాబట్టి వైరుధ్యం. ఏ రికార్డు దగ్గర రెండు వస్తువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయో అదే ఎత్తి చూపించింది. డేటా శుభ్రం చేయడానికి ఎక్కడ మొదలుపెట్టాలో మేం వెతుక్కోవాల్సిన అవసరం పడలేదు.

తర్వాత కాలం సంగతి. మేం డేటా రాసుకున్న ఆర్‌డీఎఫ్ అనే రూపంలో ప్రతి వాక్యమూ మూడు ముక్కలే: యంత్రం, 'స్థానంలో ఉంది' అనే సంబంధం, పి-101ఎ. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అని చెప్పడానికి అందులో నాలుగో గడి లేదు. దీనికి మార్గం ఆ సంబంధాన్నే ఒక వస్తువుగా నిలబెట్టడం. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2006లో విడుదల చేసిన ఒక నోట్ ఈ పద్ధతిని వివరించింది. మేం 'బిగింపు' అనే క్లాసు పెట్టాం. ఒక్కో బిగింపుకి ఒక యంత్రం, ఒక స్థానం, బిగించిన తేదీ, ఊడదీసిన తేదీ. పంపు మారితే పాత బిగింపుకి ముగింపు తేదీ పడుతుంది, కొత్త బిగింపు పుడుతుంది. ఏదీ చెరిగిపోదు. బిఎఫ్ఓ లాంటి, ఏ రంగానికైనా పనికొచ్చే పై స్థాయి ఆంటాలజీల్లో కాలం వెంట నిలిచి ఉండేవాటిని, కాలంలో జరిగిపోయేవాటిని ముందే రెండు కొమ్మలుగా చీల్చి ఉంచుతారు. యంత్రం మొదటి కొమ్మకి, రిపేరు రెండో కొమ్మకి వెళ్లాయి. బిగింపు ఎటు వెళ్లాలన్న చర్చ చాలాసేపు నడిచింది. బిగించే పని వేరు, బిగించి ఉన్న స్థితి వేరు కాబట్టి. మా ప్రశ్నలకి ఆ తేడా అక్కర్లేదని తేలాక చర్చ ఆపేశాం. ఆంటాలజీ పనుల్లో ఇలా ఆపగలగడం చాలా అవసరం. లేకపోతే తత్వశాస్త్రం మిగులుతుంది, ప్రాజెక్టు మిగలదు.

పాత బిగింపుల చరిత్రని తిరిగి కట్టడం అన్నిటికంటే విసుగు పుట్టించిన భాగం. ఆధారం వర్క్‌షాప్ జాబ్ కార్డులు, ఎందుకంటే సీరియల్ నంబర్ చూసి రాసేది అక్కడే. స్టోర్స్ ఇష్యూ స్లిప్పులు కొన్ని ఖాళీలు నింపాయి. కొన్ని తేదీలు ఎంతకీ దొరకలేదు. వాటిని ఊహించి నింపకుండా వదిలేశాం. బిగింపు ఉంది, మొదలైన తేదీ తెలియదు, అంతే.

ఇక ఫలితం. పి-101ఎ మీద వర్క్ ఆర్డర్లు ఎక్కువన్నది ముందే తెలుసు. పాడైన ప్రతిసారీ "ఈ పంపు బాగోలేదు" అని యంత్రాన్ని ఊడదీసి, ఓవర్‌హాల్ చేసి, వేరే చోట బిగించేవాళ్లు. బిగింపుల చరిత్ర వచ్చాక ఇలాంటి డేటాని ప్రశ్నించే స్పార్కల్ భాషలో క్వెరీ రాసి ప్రతి లోపాన్నీ రెండు రకాలుగా లెక్కపెట్టాం: ఒకసారి స్థానం వారీగా, ఒకసారి యంత్రం వారీగా. బేరింగ్ లోపాలన్నీ స్థానం వైపు గుమిగూడాయి. పి-101ఎలో ఒకదాని తర్వాత ఒకటి కూర్చున్న మూడు యంత్రాలకూ బేరింగులు పోయాయి. అవే యంత్రాలు వేరే చోట నిక్షేపంగా తిరుగుతున్నాయి. సీల్ లీకులు ఇందుకు పూర్తిగా రివర్స్. ఒకే సీరియల్ నంబరున్న యంత్రం ఎక్కడికి వెళ్తే అక్కడ లీకు. ఆ లీకులు వేర్వేరు ట్యాగుల కింద చెల్లాచెదురుగా ఉండటంతో ఏ నివేదికలోనూ అది పైకి రాలేదు.

మెకానికల్ వాళ్లు వెళ్లి చూశారు. పి-101ఎ దగ్గర సక్షన్ పైపు ఫ్లాంజి (బోల్టులతో బిగించే అంచు) పంపు ఫ్లాంజితో సహజంగా కలవడం లేదు. లాగి బోల్టులు బిగిస్తున్నారు. ఆ బలం పంపు నాజిల్ మీద పడి మోటారుతో అలైన్‌మెంట్ తప్పుతోంది, బేరింగ్ వేడెక్కుతోంది. ఎన్ని పంపులు మార్చినా పైపు అదే కదా. ఎక్కడికెళ్లినా లీకయ్యే ఆ రెండో యంత్రాన్ని వర్క్‌షాప్‌లో డయల్ గేజీ పెట్టి తిప్పితే షాఫ్ట్ వంకర పరిమితి దాటి ఉంది. ఓవర్‌హాల్ చేసిన ప్రతిసారీ కొత్త సీల్ వేస్తున్నారు, షాఫ్ట్‌ని కొలవడం లేదు. ఈ రెండింటినీ పట్టుకోవడానికి కృత్రిమ మేధ అవసరం లేకపోయింది, రెండు లెక్కలు పక్కపక్కన పెడితే సరిపోయింది. ఆ రెండు లెక్కలు కుదరాలంటే మాత్రం స్థానాన్నీ యంత్రాన్నీ విడదీయక తప్పదు.

మోడలింగ్‌లో మరో రెండు మూడు చోట్ల జాగ్రత్తపడాల్సి వచ్చింది. ఒకే పనికి పెట్టిన ఎ, బి పంపుల జంటల్లో ఒకటి నడుస్తుంటే రెండోది స్టాండ్‌బై. పంపు కింద 'స్టాండ్‌బై పంపు' అని ఉపక్లాసు పెట్టాలన్న సూచన వచ్చింది. గ్వారినో, వెల్టీ రూపొందించిన ఆంటోక్లీన్ పద్ధతిలో దీనికి ఒక సూటి పరీక్ష ఉంది: ఆ లక్షణం పోతే వస్తువే లేకుండా పోతుందా? పంపు పంపుగా ఉండటం మానేస్తే ఇక ఆ వస్తువు లేనట్టే. స్టాండ్‌బైగా ఉండటం మానేస్తే వచ్చే నష్టమేమీ లేదు, ఎవరో స్విచ్ తిప్పారంతే. అది పాత్ర. పాత్రని రకంగా రాస్తే ప్రతి చేంజోవర్‌కీ వస్తువు జాతి మారుతుంది. ఇంకా చెప్పాలంటే, ఏది నడుస్తోందన్న సమాచారం కంట్రోల్ సిస్టమ్‌లో నిమిషనిమిషానికీ నమోదవుతోంది. దాన్ని ఆంటాలజీలోకి తేనేలేదు, అవసరమైనప్పుడు అక్కడి నుంచే చదువుతున్నాం. ఉన్న ప్రతిదాన్నీ ఆంటాలజీలో కుక్కాలనుకోవడం ఈ రంగంలో పాత జబ్బు.

స్టోర్స్ డేటాతో వచ్చిన సమస్య ఇంకా ముచ్చటైనది. మాకంటే ముందు పనిచేసిన ఒక సంస్థ, స్టోర్స్ కోడ్‌నీ సీరియల్ నంబర్‌నీ 'సేమ్ యాజ్' సంబంధంతో కలిపి వదిలేసింది. చూడటానికి అమాయకంగా ఉంటుంది. కానీ స్టోర్స్ కోడ్ మోడల్‌ని సూచిస్తుంది, ఒక మోడల్ యంత్రాలు ప్లాంటులో చాలా ఉంటాయి. 'సేమ్ యాజ్' అంటే అక్షరాలా ఒకే వస్తువు అని అర్థం. మొదటి యంత్రం ఆ కోడ్‌తో సమానం, రెండో యంత్రం అదే కోడ్‌తో సమానం, కాబట్టి రెండు యంత్రాలూ ఒకటే. అక్కడితో ఆగదు. ఆ పాత డేటాలో యంత్రం ఒక సమయంలో ఒకే చోట ఉంటుందన్న ఉద్దేశంతో 'ఎక్కడుంది' అన్న సంబంధానికి విలువ ఒక్కటే ఉంటుందని రాశారు. మనిషైతే "ఒకే యంత్రం రెండు చోట్ల ఎలా ఉంటుంది?" అని అనుమానిస్తాడు. ఆంటాలజీలు రాసే అవుల్ భాషలో పేర్లు వేరైనంత మాత్రాన వస్తువులు వేరని లెక్క కాదు. అందుకని రీజనర్ గొడవ చేయకుండా, అయితే ఆ రెండు స్థానాలూ ఒకటేనని తేల్చేసింది. ప్లాంటుకి ఈ మూల ఉన్న పంపు స్థానం, ఆ మూల ఉన్న పంపు స్థానం ఒకటైపోయాయి. స్థానాలన్నీ పరస్పరం వేరని విడిగా ప్రకటిస్తేనే అది వైరుధ్యంగా బయటపడింది. అప్పటి నుంచి 'సేమ్ యాజ్' వాడాలంటే ఇద్దరు చూసి సరే అనాలని నియమం పెట్టుకున్నాం. స్టోర్స్ కోడ్‌ని మోడల్‌కి ఇచ్చాం, యంత్రానికి 'ఈ మోడల్‌కి చెందింది' అన్న సంబంధం ఇచ్చాం.

ఓపెన్ వరల్డ్ ఊహ కొత్తవాళ్లని బాగా తికమక పెడుతుంది. డేటాబేసులో లేనిది లేదని మనకి అలవాటు. అవుల్‌లో లేనిది ఇంకా తెలియనిది, అంతే. ప్రతి యంత్రానికీ ఒక మోడల్ ఉండాలని రాసి, మోడల్ లేని యంత్రాన్ని ఎక్కిస్తే రీజనర్ కిక్కురుమనదు. మోడల్ ఏదో ఉండే ఉంటుంది, మనకి తెలియదంతే అనుకుంటుంది. డొమైన్, అంటే ఒక సంబంధం ఏ రకం వస్తువుకి ఉంటుందో చెప్పే వాక్యం, దాని సంగతీ ఇంతే. 'సీల్ మార్చారు' అన్న సంబంధానికి డొమైన్ పంపు అని రాస్తే, ఎవరైనా పొరపాటున అజిటేటర్‌కి (ట్యాంకులో కలియబెట్టే యంత్రానికి) ఆ సంబంధం తగిలించినప్పుడు తప్పు అనదు. ఆ అజిటేటర్ కూడా పంపేనని నిర్ధారిస్తుంది! పాత తేదీల విషయంలో ఈ స్వభావం మాకు కలిసొచ్చింది, తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచగలిగాం. రోజూ వచ్చే కొత్త డేటాకి మాత్రం గేటు దగ్గర తనిఖీ కావాలి. అందుకు 2017లో డబ్ల్యూ3సీ ప్రమాణంగా వచ్చిన షాకల్ అనే తనిఖీ భాష వాడాం. కొత్త బిగింపు వస్తే సీరియల్ నంబర్ ఉందా, తేదీ ఉందా, అదే స్థానంలో పాత బిగింపు ముగిసిందా అని చూసి, లేకపోతే వెనక్కి పంపుతుంది. అర్థం చెప్పడానికి అవుల్, గేటు కాయడానికి షాకల్. ఈ రెండు పనుల్నీ ఒకదానితోనే చేయించాలని చూసిన ప్రాజెక్టులు నేను చూసినవన్నీ ఎక్కడో ఒకచోట ఇరుక్కున్నాయి.

భాగాల విషయంలో వైద్య ఆంటాలజీల అనుభవం అక్కరకొచ్చింది. వైద్య పదజాలం స్నోమెడ్ సీటీలో మూడు లక్షలకి పైగా భావనలున్నాయి, అక్కడ పాతకాలం నుంచీ నలిగిన సమస్య ఇది: వేలు చేతిలో భాగం, వేలికి గాయమైతే చేతికి గాయమైనట్టే. కానీ వేలు తొలగిస్తే చెయ్యి తొలగించినట్టు కాదు. భాగానికి జరిగింది మొత్తానికి ఎప్పుడు వర్తిస్తుందో సంబంధాన్ని బట్టి చెప్పాలి. మాకూ అంతే. సీల్ లీకైతే పంపు లీకైనట్టే, దీన్ని ప్రాపర్టీ చెయిన్‌గా, అంటే రెండు సంబంధాలని గొలుసుగా కలిపి మూడోదాన్ని రాబట్టే నియమంగా రాశాం. సీల్ మార్చితే పంపు మార్చినట్టు కాదు, దానికి చెయిన్ లేదు. ఇంతకుముందు నివేదికల్లో 'రీప్లేస్‌మెంట్' కింద రెండూ కలిసిపోయి, మార్చిన పంపుల లెక్క ఉన్నదానికంటే ఎక్కువ కనిపించేది.

లోపాల పేర్లకి కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. చమురు, గ్యాస్ రంగం కోసం వచ్చిన ఐఎస్ఓ 14224 ప్రమాణంలో లోపం కనబడే తీరు, లోపలి యాంత్రిక కారణం, మూలకారణం అని విడదీసిన పద్ధతి ఉంది, దాన్నే తీసుకున్నాం. ఫిట్టర్ "సౌండ్ వస్తోంది" అని రాస్తాడు. అది కనబడే తీరు. బేరింగ్ అరిగింది అన్నది వర్క్‌షాప్ తేల్చేది. పైపు లాగడం మూలకారణం. ఫిట్టర్ నుంచి మూలకారణం అడిగే ఫారం పెడితే అతను డ్రాప్‌డౌన్‌లో మొదటిది నొక్కి వెళ్లిపోతాడు. ఏ మనిషికి ఏది తెలుస్తుందో అదే అడగాలి.

రీజనర్ ఎంపికలో రాజీపడ్డాం. అవుల్ 2 మొత్తం వాడితే ఏదైనా రాయొచ్చు, కానీ డేటా పెరిగే కొద్దీ హర్మిట్ లాంటి పూర్తిస్థాయి రీజనర్ నత్తనడక నడుస్తుంది. 2009లో అవుల్ 2తోపాటే వచ్చిన మూడు ఉపభాషల్లో ఈఎల్ ఒకటి. అందులో సంఖ్యా పరిమితులు ఉండవు, విలోమ సంబంధాలు ఉండవు, 'ఇది లేదా అది' అని చెప్పలేం. కానీ భాగాల గొలుసులు, ఉపక్లాసులు, ఉమ్మడి సభ్యులు లేని క్లాసులు రాయొచ్చు, లెక్క పాలినోమియల్ కాలంలో తేలుతుంది, అంటే డేటా పెరిగినా పట్టే సమయం అదుపు తప్పదు. స్నోమెడ్ అంత పెద్దది నడుస్తున్నది ఈ కుటుంబానికి చెందిన తర్కం మీదే. రోజువారీ పనికి ఈఎల్, దానికి ఎల్క్ రీజనర్ పెట్టాం. ఆంటాలజీలో మార్పు చేసినప్పుడు మాత్రం చిన్న నమూనా డేటా మీద హర్మిట్ నడుపుతాం. లెక్కలు, తేదీల పోలికలు అన్నీ స్పార్కల్‌కే వదిలేశాం.

డాష్‌బోర్డు కూడా కట్టాం, చివరికి. ప్రతి లోపానికీ రెండు పట్టీలు: స్థానం వారీగా, యంత్రం వారీగా. అంతకుమించి ఎవరూ అడగలేదు.

ఇంకా తేలని విషయాలున్నాయి. ఓవర్‌హాల్‌లో షాఫ్ట్, ఇంపెల్లర్, బేరింగ్ హౌసింగ్ అన్నీ మారిపోయిన యంత్రం పాత యంత్రమేనా? ప్రస్తుతానికి నేమ్‌ప్లేటు కేసింగ్ మీద ఉంటుంది కాబట్టి కేసింగ్ ఎటు వెళ్తే గుర్తింపు అటు వెళ్తుందని రాసుకున్నాం. దీన్ని వర్క్‌షాప్ ఒప్పుకుంది, కొనుగోళ్ల విభాగం ఇంకా ఒప్పుకోలేదు. వాళ్ల లెక్కలో సగానికి పైగా భాగాలు మారితే కొత్త ఆస్తి. మెకానికల్ సీళ్ల విషయంలో సంగతి తేలిక: బాగుచేసి మళ్లీ వాడే కార్ట్రిడ్జ్ సీళ్లకి విడిగా గుర్తింపు ఇస్తున్నాం, పారేసేవాటికి మోడల్, పరిమాణం రాసి వదిలేస్తున్నాం. తర్వాతి దశలో మోటార్లు వస్తాయి. వాటిని రీవైండింగ్‌కి పంపినప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి తిరిగొచ్చే సందర్భాలున్నాయని ఎలక్ట్రికల్ వాళ్లు ఇప్పటికే చెప్పారు. అందుకని గేటు దగ్గర సీరియల్ నంబర్ ఫోటో తప్పనిసరి చేయాలన్న నియమం షాకల్‌లో ముందుగానే చేర్చి పెట్టాం.